కుట్ర నవల మీద పాఠకుల మాట: ఏది వినాలి, ఏది వదిలేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. గుంటూరు బ్రాడీపేటలో ఉంటూ మొదటి నవల రాసి, సొంత ఖర్చుతో అచ్చు వేయించారు. కథ కల్పిత రాష్ట్రంలో జరిగినా ఊరు మాత్రం అచ్చంగా విజయవాడే. నాలుగు రోజుల్లో ముఖ్యమంత్రిని గద్దె దించాలని జరిగే కుట్ర. ప్రతులు అయిపోయాయి. రెండో ముద్రణకు ముందు దిద్దుకుందామని పాఠకుల అభిప్రాయాలు పోగుచేశారు. ఒకరు చేతిలోంచి దించలేదంటే ఇంకొకరు నమ్మశక్యంగా లేదన్నారు. ముగింపు ముందే తెలిసిపోయిందని కొందరు, లారీ తప్పని కొందరు, అసలు మీరు ఏ పార్టీ మనిషని కొందరు. అందరి మాటా వింటే నవల మిగలదు, ఎవరి మాటా వినకపోతే దిద్దడం ఎందుకు అని మీ బాధ. మీరు పంపిన నవలనూ, అభిప్రాయాల కట్టనూ రెండు రాత్రులు కూర్చుని చదివాను.

నా సంగతి కొంచెం చెబితేగాని నా సలహా ఎక్కడి నుంచి వస్తోందో మీకు తెలియదు. 1983లో విజయవాడ సత్యనారాయణపురంలో అద్దె పుస్తకాల దుకాణం పెట్టాను. ఇంటింటా టీవీ సీరియళ్ళు మొదలయ్యాక గిరాకీ పడిపోయి 1998లో మూసేశాను. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఏలూరు రోడ్డులో ఒక ప్రచురణ సంస్థకు వచ్చే రాతప్రతులు చదివిపెట్టాను. రెండో పనిలో నేర్చుకున్నదాని కంటే దుకాణంలో నేర్చుకున్నదే ఎక్కువ. ఎందుకంటే అర్ధరూపాయి అద్దె కట్టిన మనిషి మొహమాటానికి మెచ్చుకోడు. రాత్రి తీసుకెళ్ళిన పుస్తకాన్ని తెల్లవారి పాల పాకెట్టుతో పాటు తెచ్చి, రెండో భాగం ఉందా అని అడిగితే అదొక అభిప్రాయం. వారం తర్వాత పిల్లాడి చేత పంపించి, అద్దె నాన్నగారు రేపు ఇస్తారట అనిపిస్తే అదీ అభిప్రాయమే.

మా దుకాణానికి రైల్వే వాళ్ళు ఎక్కువగా వచ్చేవారు. వాళ్ళలో ఒక గార్డుగారు ఉండేవారు. డిటెక్టివ్ నవలలంటే ప్రాణం. తొంభైల్లో ఒకసారి ఒక రాజకీయ కుట్ర నవల తీసుకెళ్ళి, మధ్యలోనే ఆపి తెచ్చి బల్ల మీద పడేశారు. అందులో నాయకుడు రాత్రి బెజవాడలో హైదరాబాదు రైలెక్కుతాడు. కాజీపేట దాటాక దిగాలని అతని ఆలోచన. రైలు కృష్ణ వంతెన మీదికి రాగానే సాక్ష్యాల సంచీని నదిలోకి విసిరేస్తాడు. గార్డుగారి కోపం అక్కడ. కాజీపేట మీదుగా హైదరాబాదు వెళ్ళే రైలు కృష్ణ దాటదు. దాటాలంటే గుంటూరు, నడికుడి మార్గంలో పోవాలి, అప్పుడు ఒకసారి కాదు, రెండుసార్లు దాటుతుంది. "ఈయన ఎప్పుడైనా రైలెక్కాడా అసలు?" అన్నారు. తమాషా ఏమిటంటే, అదే నవలలో ముఖ్యమంత్రికి అచ్చుగుద్దినట్టున్న మరో మనిషిని తెచ్చి ఆయన స్థానంలో కూర్చోబెడతారు. దాన్ని గార్డుగారు ఏ అభ్యంతరమూ లేకుండా మింగేశారు. రైలు మాత్రం గొంతు దిగలేదు.

నేను నమ్మేది అక్కడి నుంచే వచ్చింది. పాఠకుడు తన ఉద్యోగంలోంచి మాట్లాడితే కాగితం, కలం తీసుకుని కూర్చోండి. తన పార్టీలోంచి మాట్లాడితే నమస్కారం పెట్టి పంపించండి. మీ కట్టలో ఈ రెండు రకాలూ కలగాపులగంగా ఉన్నాయి. ముందు వాటిని వేరు చేయండి, సగం తలనొప్పి అక్కడే తగ్గుతుంది.

ఉద్యోగం మాటలు మొదట చూద్దాం. లారీ గురించి ముగ్గురు రాశారు, ముగ్గురూ నిజమే రాశారు. నోట్ల కట్టలున్న పది చక్రాల లారీని మీరు అర్ధరాత్రి ప్రకాశం బ్యారేజీ మీదుగా నడిపించారు. ఆ వంతెన మీదికి భారీ వాహనాలను రానివ్వరని మన రెండు ఊళ్ళలో కాలేజీ పిల్లలకు కూడా తెలుసు. వెన్నెల్లో బ్యారేజీ గేట్లు, కింద నీళ్ళు, మీద లారీ, దృశ్యం బాగుందని మీరు వదులుకోలేకపోయారు, అర్థమైంది. అంత ఇష్టమైతే లారీని కనకదుర్గ వారధి మీదుగా పంపి, దాన్ని కనిపెడుతున్న మనిషిని స్కూటరు మీద బ్యారేజీ ఎక్కించండి. దూరంగా వారధి మీద వరసగా కదిలే దీపాల్లో ఏది తన లారీదో తేల్చుకోలేక అతను తికమకపడతాడు. ఇప్పుడున్న దృశ్యం కంటే అదే బాగుంటుందని నాకు అనిపిస్తోంది.

కాజ టోల్‌గేటు రసీదు సంగతీ అంతే. కుట్రదారుడి కారులో దొరికిన కాగితం రసీదుతో మీ విలేఖరి గుట్టు లాగాడు. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయింది కదా, రసీదు ఎక్కడిది అని ఒక టాక్సీ యజమాని అడిగారు. ఆయనకు మీరు దండం పెట్టాలి, ఎందుకంటే రసీదు కంటే మంచి వస్తువు ఆయన మీ చేతిలో పెట్టారు. ఫాస్టాగ్‌లో డబ్బు తెగిన సందేశం ఆ ఖాతాకు నమోదైన ఫోనుకు వెళుతుంది. కారు భార్య పేరు మీద ఉంటే? హైదరాబాదులో ఉన్నానని చెప్పిన భర్త అర్ధరాత్రి కాజ దాటినట్టు ఆమె ఫోనుకు తెలుస్తుంది. మీ నవలలో ఆ భార్య కాఫీ ఇవ్వడానికి తప్ప రాలేదు. ఇక రావలసి ఉంటుంది.

సచివాలయంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక సెక్షన్ ఆఫీసరుగారు రాసిన రెండు పేజీలు మీకు చిరాకు తెప్పించాయని రాశారు. నాకు మాత్రం మొత్తం కట్టలో అదే ముత్యం. బీరువాలోంచి ఫైలు మాయం చేయడమన్నది కాగితాల కాలం నాటి కథ, ఇప్పుడు ఫైళ్ళు కంప్యూటరులో, ఈ-ఆఫీసు అనే పద్ధతిలో నడుస్తాయి, ఎవరు తెరిచారో, ఎవరికి పంపారో, ఎన్ని గంటలకో అంతా నమోదవుతుంది అన్నారాయన. మీరు దాన్ని కథకు అడ్డంకిగా తీసుకున్నారు. ఫైలు పోవడం పాత కుట్ర. ఫైలు ఉన్నచోటే ఉండగా, సెలవులో ఉన్న అధికారి పేరుతో రాత్రి పదకొండు గంటల నలభై నిమిషాలకు ఎవరో దాన్ని తెరిచారని తేలడం కొత్త కుట్ర. ఆయన తప్పు పట్టలేదు, దారి చూపించారు.

ఇక అసలు విషయానికి వస్తాను. "నమ్మశక్యంగా లేదు" అన్నవాళ్ళు చాలామంది ఉన్నారు, కారణం చెప్పినవారు మాత్రం ఒక్కరే, మీ ఊరి న్యాయవాది. ఆయన అడిగింది ఒకే ప్రశ్న: ఆ పదిహేను మంది శాసనసభ్యుల సభ్యత్వం ఏమవుతుంది?

మీ సభలో 175 మంది. అధికార పక్షానికి 102, ప్రతిపక్షానికి 73. పదిహేను మందిని కొంటే ప్రతిపక్షం బలం 88, ప్రభుత్వం పడిపోతుంది. మీ లెక్క ఇంతే. 1985కు ముందైతే ఈ లెక్క చెల్లేది. ఆ ఏడాది ఫిరాయింపుల నిరోధక చట్టం, అంటే పార్టీ మారితే సభ్యత్వం పోయే చట్టం, రాజ్యాంగంలో పదో షెడ్యూలుగా చేరింది. మొదట్లో మూడో వంతు మంది చీలితే మినహాయింపు ఉండేది. 2003 నాటి సవరణతో అదీ పోయింది. ఇప్పుడు వేటు తప్పించుకోవాలంటే శాసనసభా పక్షంలో మూడింట రెండు వంతుల మంది విలీనానికి ఒప్పుకోవాలి. అంటే మీ 102లో 68 మంది. పదిహేను మందితో ఏ మూలకూ సరిపోదు.

దీంతో నవల కూలిపోయిందని మీరు అనుకున్నారు. నాకైతే ఇక్కడే మొదలవుతుంది అనిపించింది. లెక్క మళ్ళీ వేయండి. బలపరీక్షకు ముందే ఆ పదిహేను మంది మీద స్పీకర్ అనర్హత వేటు వేశాడనుకోండి. సభ 160కి తగ్గుతుంది, సగానికి పైన అంటే 81. అధికార పక్షానికి ఇంకా 87 మంది ఉంటారు. ప్రభుత్వం నిలిచింది. వేటు బలపరీక్ష తర్వాత పడిందనుకోండి. వాళ్ళు వేసిన ఓట్లు అప్పటికే లెక్కలోకి వెళ్ళిపోయాయి, 88 మంది అటు, ప్రభుత్వం పడింది. అవే పదిహేను మంది, అదే డబ్బు, అదే వేటు. తేడా అల్లా ముందా, వెనకా అన్నదే. అంటే కుట్రదారులకు కావలసింది పదహారో శాసనసభ్యుడు కాదు, స్పీకర్ గడియారం. అనర్హత ఫిర్యాదుల మీద నిర్ణయం ఆయన చేతుల్లో ఉంటుంది. మామూలుగా మూడు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది, కానీ మీ కథ నాలుగు రోజులది. ఆ నాలుగు రోజుల్లో ఆ మనిషిని ఎవరు కలిశారు, ఎవరు బెదిరించారు, ఆయన కూతురి పెళ్ళి ఎప్పుడు, ఆయనకు నిద్ర పట్టిందా లేదా, ఇవన్నీ పాఠకుడికి కావాలి. మీ నవలలో స్పీకర్ రెండుసార్లు టీ తాగాడు, ఒకసారి కళ్ళజోడు తుడుచుకున్నాడు. అంతే.

గవర్నర్ దగ్గర తలలు లెక్కపెట్టే అధ్యాయం కూడా తీసేయాల్సిందే. 1994లో, బర్తరఫ్ అయిన కర్ణాటక ముఖ్యమంత్రి బొమ్మై కేసు తీర్పులో, సుప్రీంకోర్టు మెజారిటీ తేలవలసింది సభలోనే అంది. ఆ తర్వాతి కాలంలో జరిగే కథలో మీ గవర్నర్ రాత్రికి రాత్రే జాబితా చూసి ప్రమాణ స్వీకారం చేయించడం నమ్మించాలంటే చాలా కష్టపడాలి.

పెద్దవయసు పాఠకులు నలుగురు "1984లో ఇంతకంటే గొప్పగా చూశాం" అని రాశారు. ఇది ఎగతాళి అని మీరు నొచ్చుకున్నారు, కాదు. ఆ ఏడాది ఆగస్టు 16న ఎన్టీ రామారావు ప్రభుత్వాన్ని గవర్నర్ రాంలాల్ బర్తరఫ్ చేశారు. సరిగ్గా నెలకు, సెప్టెంబరు 16న, ఆయన మళ్ళీ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. మధ్యలో శాసనసభ్యులను కర్ణాటకకు తరలించడం, గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చిన మనిషి చక్రాల కుర్చీలో రాష్ట్రపతి భవన్‌కు వెళ్ళడం, గవర్నర్ మారడం. ఫిరాయింపుల చట్టం అప్పటికి లేదు, మరుసటి ఏడే వచ్చింది. ఆ నెల రోజులూ మా దుకాణంలో డిటెక్టివ్ పుస్తకం అడిగిన నాథుడు లేడు. అందరూ వచ్చేవారు, బల్ల మీద రేడియో చుట్టూ నిలబడి వార్తలు విని వెళ్ళేవారు. ఇద్దరు పెద్దమనుషులు సంఖ్యల దగ్గర మాటా మాటా అనుకుని, నా బకాయిల పుస్తకం వెనక అట్ట మీద శాసనసభ లెక్క వేసుకున్నారు. ఆ అట్ట చాలాకాలం దాచాను, వరద నీళ్ళలో పోయింది. ఈ తరం వాళ్ళు మీ నవల తెరిచేసరికే వాళ్ళ మనసులో ఒక కొలబద్ద ఉంటుంది. వాళ్ళు చూసిన కుట్ర దాగలేదు. అందరి కళ్ళ ముందే జరిగింది, అయినా ఉత్కంఠ తగ్గలేదు. మీ కుట్రలో అన్నీ తలుపుల వెనకే జరుగుతున్నాయి, జనం ఎక్కడా లేరు. వాళ్ళ అసంతృప్తి అదని నా అనుమానం. ఒక అద్దె పుస్తకాల దుకాణమో, ఒక కిళ్ళీకొట్టో పెట్టి చూడండి.

నమ్మశక్యం గురించి ఇంకో లెక్క ఉంది, దీన్ని ఏ పాఠకుడూ నోటితో చెప్పడు. రాతప్రతులు చదివే రోజుల్లో కుట్ర నవల ఏది వచ్చినా పక్కన ఒక కాగితం పెట్టుకుని, విషయం ఎవరికి ఎప్పుడు తెలిసిందో రాసుకునేవాడిని. షట్కర్ణో భిద్యతే మంత్రః అన్నారు, ఆరు చెవుల పడితే రహస్యం పగిలిపోతుందని. మీ నవలలో అరవయ్యో పేజీకే పదకొండు మందికి మొత్తం పథకం తెలుసు. అంటే ఇరవై రెండు చెవులు. రెండు వందల పేజీకి వంటమనిషికీ తెలుసు. అయినా ఎవరూ నోరు జారరు. పాఠకుడు వేళ్ళ మీద లెక్కపెట్టడు, కానీ ఎక్కడో ఒకచోట విసుగు పుట్టి నమ్మశక్యంగా లేదంటాడు.

విశాఖదత్తుడి సంస్కృత నాటకం ముద్రారాక్షసం మొదటి అంకం మళ్ళీ చదవండి. పాత నాటకమని పక్కన పెట్టకండి. యముడి బొమ్మల పటం పట్టుకుని ఊరంతా తిరిగే చారుడు చాణక్యుడి దగ్గరికి వచ్చి, శత్రువైన నందుల మంత్రి రాక్షసుడికి అనుకూలురైన ముగ్గురి పేర్లు చెబుతాడు. మొదటి పేరు క్షపణకుడైన, అంటే సన్యాసి అయిన, జీవసిద్ధిది. అతను తన మనిషేనని చాణక్యుడు తనలో తాను అనుకుంటాడు తప్ప పైకి అనడు. చారుడికి చారుడు తెలియదు. ఒక్క మాటతో విశాఖదత్తుడు కుట్ర మొత్తాన్ని నమ్మించేశాడు. మీ పదకొండు మందిలో ఇద్దరికి మొత్తం తెలిస్తే చాలు, తక్కినవాళ్ళకు ఒక్కో ముక్క.

అదే అంకంలో ఉంగరం సంగతీ గమనించండి. రాక్షసుడి కుటుంబం తలదాచుకున్న చందనదాసు ఇంటి గుమ్మం దాటి బయటికి వస్తున్న పిల్లవాణ్ణి లోపలికి లాగేటప్పుడు రాక్షసుడి భార్య వేలి నుంచి ముద్రిక జారి పడుతుంది, చారుడికి దొరుకుతుంది. అంతటి చాణక్యుడికీ మొదటి ఆయుధం అదృష్టం కొద్దీ దొరికినదే. కానీ అది కథ మొదట్లో. దాని మీద ఆయన కట్టిన మేడ మాత్రం పూర్తిగా ఆయన సొంతం. మీ నవలలో అదృష్టం చివరి అధ్యాయంలో వచ్చింది. పరాయి మనిషి ఫోను పొరపాటున విలేఖరి జేబులోకి రావడం. దీని గురించి ఆరుగురు విసుక్కున్నారు, న్యాయంగానే విసుక్కున్నారు.

మరి "అంత పలుకుబడి ఉన్నవాళ్ళు ఇంత చిన్న పొరపాటు చేస్తారా" అన్నవాళ్ళ మాట? దాన్ని వినకండి. చేస్తారు. 1972 జూన్ 17 తెల్లవారుజామున వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవనంలో దొంగలు పట్టుబడ్డది ఎందుకో తెలుసు కదా. తలుపు గడియ పడకుండా వాళ్ళు అంటించిన టేపును కాపలాదారు చూసి పీకేశాడు. మళ్ళీ వచ్చేసరికి అక్కడ మళ్ళీ టేపు ఉంది. పోలీసులకు ఫోను చేశాడు. రెండేళ్ళకు, 1974 ఆగస్టులో, అమెరికా అధ్యక్షుడు నిక్సన్ రాజీనామా చేశాడు. రెండోసారి టేపు అంటించారని మీరు నవలలో రాస్తే పాఠకుడు పుస్తకం గోడకేసి కొట్టేవాడే. మీ కుట్రదారుడి పొరపాటు అలాగే ఉంచండి. కాకపోతే ఆ పొరపాటు తొందరలోంచి రావాలి, తెలివితక్కువతనంలోంచి కాదు.

ముగింపు ముందే తెలిసిపోయిందన్న ఫిర్యాదుకు మా దుకాణంలో జరిగిందే జవాబు. ఒక మహానుభావుడు డిటెక్టివ్ నవల ఏది తీసుకెళ్ళినా నలభయ్యో పేజీ అంచున పెన్సిలుతో "డాక్టరే హంతకుడు" అని రాసి తిరిగి ఇచ్చేవాడు. రబ్బరుతో చెరిపీ చెరిపీ విసుగొచ్చి వదిలేశాను. కొన్ని పుస్తకాలకు ఆ రాతతో గిరాకీ పడిపోయింది. కొన్ని మాత్రం ఎప్పటిలాగే తెల్లవారేసరికి తిరిగి వచ్చేవి, జనం రాత్రంతా చదివి. ఇంగ్లీషు రచయిత ఫోర్సైత్ నవల ‘ది డే ఆఫ్ ద జాకాల్’ 1971లో వచ్చింది. ఫ్రాన్స్ అధ్యక్షుడు డి గాల్‌ను చంపడానికి వచ్చిన హంతకుడి కథ. డి గాల్ అంతకు ముందు ఏడాదే తన ఇంట్లో మామూలుగా కన్నుమూశాడని లోకమంతా ఎరుగును. హంతకుడు ఓడిపోతాడని తెలిసే కొన్నారు, తెలిసే నిద్ర మానుకున్నారు. కాబట్టి మీ ముగింపు తెలిసిపోవడం జబ్బు కాదు. తెలిశాక మధ్యలో చూడడానికి ఏమీ మిగలకపోవడం జబ్బు. దానికి మందు మళ్ళీ ఆ స్పీకరే.

పేర్ల గందరగోళం నిజమే. రామకృష్ణ, రాధాకృష్ణ, రాజారావు, రంగారావు నలుగురూ ఒకే గదిలో కూర్చుంటే ఎవరు ఎవరో నాకూ తెలియలేదు. ఒక ఆదివారం కూర్చుని మార్చేయండి.

పార్టీ మాటల్లో ఒక్కటి మాత్రం పట్టించుకోండి. మీ ప్రతినాయకుడు ఫలానా నాయకుడేనని పదిమంది గుర్తుపట్టారు, మీరు మురిసిపోయారు. గుర్తుపట్టిన క్షణం నుంచి వాళ్ళు మీ నవల చదవడం మానేసి పేపరు చదవడం మొదలుపెట్టారు. ఆ మనిషి మాటతీరు, చేతి ఉంగరాలు, ఊరిపేరు మార్చండి. సాహిత్యం సంగతి అలా ఉంచినా, "పాత్రలన్నీ కల్పితాలు" అన్న ఒక్క వాక్యం పరువునష్టం కేసుకు కవచం కాదు. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అది 356వ సెక్షన్. మీ న్యాయవాది పాఠకుడు ఉండనే ఉన్నారు, అచ్చుకు ముందు ఆయనకే ఒక ప్రతి ఇవ్వండి.

చివరగా, మీరు అడుగున పెట్టేసిన ఒక చిన్న చీటీ. తెనాలి నుంచి ఒకావిడ ఒక్క వాక్యమే రాశారు: నూట పన్నెండో పేజీ దగ్గర ఆపాను, మళ్ళీ తీయబుద్ధి కాలేదు. కారణం లేదు, విమర్శ లేదు. మీరు దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. నా అద్దె దుకాణం బుద్ధికి అది మొత్తం కట్టలోకెల్లా విలువైన కాగితం. ఆ పేజీ తెరిచి చూశాను. నూట పదో పేజీలో విలేఖరి కుర్చీ లాక్కుని కూర్చుని, కుట్ర అంతా తన మిత్రుడికి వివరించడం మొదలుపెట్టి నూట పంతొమ్మిది దాకా లేవడు. ఆవిడ రెండు పేజీలు ఓపిక పట్టారు. ఆ పది పేజీలు తీసేసి, ఆ చోటులో స్పీకర్ ఇంటికి అర్ధరాత్రి వచ్చే మొదటి అతిథిని రాయండి. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి ప్రతులు కావాలంటే నవంబరు నెలాఖరుకల్లా ప్రెస్సుకు వెళ్ళాలి. డిసెంబరులో బైండింగు వాళ్ళు దొరకరు.